కావడికి పట్టినంత ఇల్లు

ఇత్తడిని కనిపెట్టినవాడు ఎవడో గాని, వాడు మాత్రం ఎన్నడూ గిన్నెలు తోమి ఉండడు. తోమింది వాడి పెళ్ళామే అయివుంటుంది. మా అత్తగారి ఇత్తడి సామానంతా నా పెళ్ళినాడే నా చేతికొచ్చింది. గంగాళం, బిందెలు, తప్పేలాలు, చెంబులు, ఎవరూ ఎన్నడూ అన్నం తినని ఒక పెద్ద పళ్ళెం. మా ఊళ్ళో ఇంత ఇత్తడి ఉన్న ఇల్లు మాదొక్కటే. శబరి ఒడ్డున, ఎర్రబోరు సంతకు తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరే ఊరు మాది. ఏటికి కింది దిక్కున ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి, మా దిక్కున బస్తరు రాజుగారిది. ఎవరి ఏలుబడిలోనైనా చింతపండు పెట్టి తోమకపోతే ఇత్తడి నల్లబడుతుంది.

మా ఆయన కాశయ్య తెప్పల మనిషి. అడవిలో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి శబరి మీదుగా గోదావరిలోకి దాటించేవాడు. పోయిన వానాకాలం అలా ఒకసారి వెళ్ళి తిరిగొచ్చి, చలిగా ఉందంటూ కంబళి కప్పుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఏటి ఒడ్డున మద్దిచెట్టు పక్కన కాల్చాము. నేను ఏడవలేదు. ఏడవకూడదని పట్టుబట్టి కాదు. వచ్చినవాళ్ళకు వండాలి, గేదెలకు కుడితి పెట్టాలి, పొగాకు మడి తడవకుండా చూడాలి. ఇవన్నీ అయ్యాక ఏడుద్దాంలే అనుకున్నాను. అవి అవలేదు. ఆ తర్వాత ఏడుపు సంగతి మరిచేపోయాను. కాలు మీద ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు. నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. దాని గురించి దిగులు కూడా లేదు. తిమ్మిరెక్కిన కాలుతో కూడా పని చేసుకోవచ్చు.

నాకు ముగ్గురు పిల్లలు. పెద్దది ఉప్పలమ్మ, చేతికి అందివచ్చింది. రెండోవాడికి తాత పేరు పెట్టి వెంకటనారాయణ అన్నాము. ఆ పేరు మొత్తం పిలిచేలోగా వాడు చింతచెట్టు పైకొమ్మ మీద ఉంటాడు. చిన్నది శబరి. దానికి నేను పెట్టిన పేరు అదే గాని అది ఆ పేరుకు పలకదు. శుక్రవారం పుట్టిందని, బొడ్డు కోసిన ఇర్మె దాన్ని సుక్కి అంది. ఊరంతా సుక్కి అంది. ఆ పిల్ల కూడా తన పేరు సుక్కేనని ఒప్పుకుంది.

ఇర్మెవాళ్ళ ఇల్లు మా దడికి అవతలే. వాళ్ళు పోడు కొట్టుకుని బతికే అడవి జనం, డోర్లవాళ్ళు. ఇర్మె మొగుడు మాసా మా ఆయనతో పాటు తెప్పల మీద తిరిగినవాడు. ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి నేను వాడికి వదినెను, ఇర్మెకు అక్కను. ఇర్మెకు నలుగురు పిల్లలు. నాకంటే ఒకరు ఎక్కువే. పోడు పని ఉంది, ఇప్పపూలు ఏరే పని ఉంది, నీళ్ళు మోసే పని ఉంది. అయినా పొద్దు వాలేసరికి ఆమె గుమ్మం ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. ఒక్కొక్క పిల్లనీ ముందుకు లాక్కుని తలకు ఇప్పనూనె రాసేది, చిక్కు తీసేది, పేలు చూసేది. చేతిలో చేట ఉండదు, ఒడిలో చింతపండు ఉండదు. ఆ వరసలో చివర మా సుక్కి కూర్చునేది.

మొదట్లో పొద్దు గూకాక ఇంటికి వచ్చేది. తర్వాత అక్కడే తినడం మొదలుపెట్టింది. మాఘమాసం వచ్చేసరికి అక్కడే పడుకుంటోంది. ఇర్మె పిల్లలతో పాటు తనూ ఇర్మెను అవ్వా అని పిలుస్తోంది. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి గంజి తాగి పోయేది. దాని తల దగ్గర ఇర్మె ఇంటి నూనె వాసన వచ్చేది. నాకు కోపం రావలసిన మాటే. రాలేదు. రాత్రి ఒక మనిషికి చాప తక్కువ పరిస్తే సరిపోయేది.

ఇప్పపూల రోజులు అయిపోయాక ఒక సాయంత్రం ఇర్మె దడి దగ్గరికి వచ్చింది. నేను చింతపండు గింజ తీస్తున్నాను.

"అక్కా, మేం పోతున్నం," అంది.

"యాడికి?"

"జగర్గుండ దిక్కు. మా తమ్ముడు ఆడ పోడు కొట్టిండు. ఈడ భూమి సచ్చిపాయె. అడవి నాకాదారు గూడ ఊకుంటలేడు, చెట్టు ముడితే జుర్మానా అంటుండు."

"ఎన్నడు పోవుడు?"

"వాన పడకముందే. ఈడ చిన్న పని ఒకటి ఆగింది. అది అయినంక."

ఏం పని అని నేను అడగలేదు. అడిగే అలవాటే పోయింది నాకు. ఈలోగా సుక్కి ఇర్మె నడుం చుట్టూ చేతులు వేసి, "నేను గూడ పోత," అంది. ఆడుతూ అన్న మాట కాదు. తన చిన్న తాటాకు బుట్టను అప్పటికే వాళ్ళ గుమ్మం దగ్గర పెట్టుకుంది.

ఇర్మె నా మొహంలోకి చూసింది. "పిల్ల ఇడుస్తలేదు అక్కా. ఉంచుకోమంటే ఉంచుకుంట. నా పిల్లలల్ల పిల్ల. నీ బిడ్డ, నువ్వు చెప్పాలె."

చెప్పవలసింది నేనే. తెలుసు. వద్దని అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక పని తగ్గుతుంది అనిపించింది. అంతే. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేయలేదు. "చూద్దాంలే," అని గింజ తీసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు నీళ్ళకు పోతూ వాళ్ళ ఇంట్లోకి తొంగి చూశాను. మాసా కావడి కట్టి ఉంచాడు. వెదురు బద్ద, రెండు వైపులా రెండు బుట్టలు. ఒక బుట్టలో కుండలు, సొరకాయ బుర్రలు, బూడిదలో కలిపి దాచిన విత్తనాలు. రెండో బుట్టలో చాపలు, బట్టలు, కొడవళ్ళు. మధ్యలో చంటిదాన్ని కూర్చోబెట్టడానికి కొంచెం చోటు.

"గింతేనా?" అన్నాను.

"ఇంకేం ఉంటది?" అన్నాడు మాసా.

"రోలో?"

"రాయి లేని అడవి ఉంటదా వదినె?" అని నవ్వాడు.

ఆ నవ్వు రోజంతా నా వెంటే ఉంది. వీళ్ళ ఇల్లు ఒక మనిషి భుజం మీద ఏరు దాటుతుంది. మా ఇల్లు దాటాలంటే ఎడ్లబండి కావాలి, ఆ బండి వెనక ఇంకో బండి కావాలి. ఇర్మె పొద్దు వాలేసరికి కూర్చోగలగడానికి కారణం నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఆమె ఇంట్లో తోమేవి లేవు. నా సుక్కి ఆ ఇంటికి ఎందుకు పోయిందో కూడా తెలిసిపోయిందనుకున్నాను. అక్కడ ఒడి ఖాళీగా ఉంది. మా ఇంట్లో ఒడి ఉంది గాని దానిమీద ఎప్పుడూ చేట ఉంది.

కాబట్టి నేనూ ఒక నియమం పెట్టుకున్నాను. కావడికి పట్టినంత ఇల్లు. ఎక్కడికో పోవడానికి కాదు, ఉన్నచోట ఉండడానికే. కావడి బుట్టల్లో పట్టనిది ఏదీ నా ఇంట్లో ఉండదు. అప్పుడు పొద్దు వాలేసరికి నేనూ గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాను. అప్పుడు సుక్కి వస్తుంది. వస్తే సంతోషం కలుగుతుందో లేదో తెలియదు. వస్తే చాలు. ఇర్మెవాళ్ళు బయల్దేరేలోగా జరగాలి.

భద్రాచలం దిక్కున ఉన్న మా ఆడబిడ్డకు కబురు పెట్టాను. మీ అమ్మ ఇత్తడి నీకు ఇచ్చేస్తాను, వచ్చి పట్టుకుపో అని. జబ్బు చేసిందని కబురు పెడితే రాని మనిషి, బండి కట్టుకుని మూడోనాటికి దిగింది. గంగాళాన్ని కౌగిలించుకుని ఏడ్చింది. "మా అమ్మ ఇందుల్నే నాకు నీళ్ళు పోసేది," అని కొంగు తడుపుకుంది. అన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను పక్కన నిలబడి బిందెలు అందిస్తున్నాను. ఏడుపు అంత తేలిగ్గా వచ్చేవాళ్ళను చూస్తే కొంచెం ఈర్ష్య కలిగింది. ఆ మధ్యకాలంలో నాకు కలిగింది అదొక్కటే.

"మతి పోయిందా ఏంది వదినా? రేపు ఉప్పలమ్మ పెండ్లికి ఏం పెడతవ్?" అంది బండెక్కుతూ.

"గంప పెడత," అన్నాను.

ఉప్పలమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తోమే పని పోయినందుకు ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కానీ దానికి ఆ పెద్ద పళ్ళెం మీద ఆశ ఉందట. ఎవరూ తినని పళ్ళెంలో తనొక్కతే తినాలని. అడిగితే ఇచ్చేదాన్నే. అడగలేదు, నేను చూడలేదు. మా ఇంట్లో అప్పటికి అలాంటివి చాలా జరిగాయి. వెంకటనారాయణ మాత్రం కావడి బుట్టలో తను ఆడుకునే పెంకు బెచ్చాలు ఏ మూల పడతాయో చూసుకుని నిశ్చింతగా చింతచెట్టెక్కాడు.

గేదెల్ని కూడా ఆడబిడ్డ బండి వెనకే తోలించాను. ఒక్క మేక మిగిలింది. ధాన్యం గాదె ఇంటివెనక పాలివాళ్ళకు ఇచ్చాను. పొగాకు మడి మళ్ళీ వేయనని చెప్పేశాను. పెట్టె, పీటలు, నులకమంచం, అటక మీది పాత పగ్గాలు, దేనికి దాచామో తెలియని చెక్కముక్కలు అన్నీ పోయాయి. ఇల్లు మాట్లాడితే మోగేంత ఖాళీ అయింది. మాసాను అడిగి ఒక కావడి కట్టించుకున్నాను. సామానంతా అందులో సర్ది చూశాను. దాదాపు పట్టింది.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చున్నాను. ఖాళీ చేతులతో. నన్ను చూసి సుక్కి వస్తుందని చూశాను. దడి అవతల ఇర్మె ముందు కూర్చుని అది నావైపు ఒకసారి చూసింది. తిరిగి తల అప్పగించింది. కాసేపటికి నా చేతులు వాటంతటవే దడికి వదులైన తాటి నారను బిగించడం మొదలుపెట్టాయి. అది అయ్యాక గుమ్మం ముందు గడ్డి పీకాను. అది అయ్యాక చీపురు పుల్లలు వేరుచేశాను. సామాను పోయింది గాని పని పోలేదు. ఎక్కడ దాక్కుని ఉందో, పిలవకముందే వచ్చేది.

వారమంతా అలాగే గడిచింది. వంట అయిపోయేది, నీళ్ళు అయిపోయేవి, నేను మాత్రం కూర్చోలేకపోయేదాన్ని. ఇంత ఖాళీ చేశాక ఇంకా ఏం అడ్డం ఉందని ఇల్లంతా వెతికాను. అప్పుడు మూల కనబడింది.

ఆ మూలలో మా ఆయన సామాను ఉంది. తెప్ప నడిపే వెదురు గెడ, గొడ్డలి, తలగుడ్డ, కంబళి, నీళ్ళ సొరకాయ బుర్ర, తెప్ప మీద తాగడానికి పట్టుకుపోయే చిన్న చెంబు. చెంబును ఆడబిడ్డ అడిగితే, అదొక్కటి ఉండనీలే అన్నాను. కావడిలో సర్దినప్పుడు కూడా ఆ మూలను లెక్కలోకి తీసుకోలేదు. దాదాపు పట్టింది అన్నది అందుకే. ఆ సామానుకు నేను చేసే చాకిరీ కూడా నాకు గుర్తులేదు. కంబళి ఎండలో వేసి దులిపేదాన్ని. తలగుడ్డ ఉతికి మడత పెట్టేదాన్ని. ప్రతి సంతనాడు పొద్దు గూకే వేళకు చూరులో పెట్టిన నూనె బుర్రలోంచి ఇప్పనూనె అరచేతిలో వంచుకుని గొడ్డలికి పట్టించేదాన్ని. తుప్పు పడుతుంది గదా. ఆ గొడ్డలితో మా ఇంట్లో ఎవరూ కట్టెలు కొట్టరు. కట్టెలకు వేరే గొడ్డలి ఉంది.

ఇదన్నమాట మిగిలింది అనుకున్నాను. పనికొచ్చే సామాను. కొత్త చోటికి పోతున్న మనిషికి గొడ్డలి, కంబళి కంటే ఏం కావాలి? అన్నీ చంకన పెట్టుకుని, గెడ భుజాన వేసుకుని దడి దాటాను. మాసా గుమ్మంలో తాడు పేనుతున్నాడు.

"ఇగో మాసా, మీ అన్నయి. మీరు తీస్కోండ్రి," అన్నాను.

మాసా తాడు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఇర్మెను పిలిచాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాసా రెండు చేతులూ చాచి గొడ్డలి అందుకున్నాడు. ఇర్మె కంబళి తీసుకుని కళ్ళు తుడుచుకుంది. ఒక్క మాట లేదు. ఇంత మంచి గొడ్డలి దొరికినందుకు నోట మాట రాలేదేమో అనుకుని నేను వచ్చేశాను. ఇంకో పని తగ్గింది.

తెల్లారి లేచేసరికి డోలు మోగుతోంది. ఏటి వైపు నుంచి. దడి అవతల చూస్తే ఇర్మె ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి చల్లారింది. సుక్కి తాటాకు బుట్ట గుమ్మం దగ్గర లేదు. వెళ్ళిపోయారు అనుకున్నాను. చెప్పకుండా, పిల్లను తీసుకుని. నేను చూద్దాంలే అన్న మాటకు అర్థం అదేనని వాళ్ళు అనుకుంటే తప్పు వాళ్ళది కాదు. లోపలికి తొంగి చూశాను. కావడి అక్కడే ఉంది, కట్టింది కట్టినట్టే. సుక్కి బుట్ట దాని పైన ఉంది. అప్పుడు కాళ్ళు ఏటి వైపు నడిచాయి. మొదట నడిచాయి, తర్వాత పరుగెత్తాయి.

మద్దిచెట్టు దగ్గర మాసా, ఇర్మె, వాళ్ళ బంధువులు కొందరు ఉన్నారు. పిల్లలు ఒక పక్కన కూర్చున్నారు. కోడి కోశారు, ఆకులో బియ్యం పోశారు, ఇప్పసారా వంచారు. మా ఆయన్ని కాల్చిన చోట గెడను నిలువుగా పాతారు. కంబళి మధ్యకు చింపి పరిచారు. తలగుడ్డ కొమ్మకు కట్టి ఉంది. నీళ్ళ బుర్ర పగిలి ఉంది. మాసా రాయి మీద చెంబును బోర్లించి, ఉలి పెట్టి, అడుగున చిల్లి పొడుస్తున్నాడు. గొడ్డలికి అప్పటికే పిడి ఊడదీసి, అంచు రాతికేసి మొద్దు చేశారు. నేను ఏడాది పాటు నూనె పట్టించిన అంచు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిలో మొదటిసారి మండింది.

"ఏందిరా మాసా ఇది! వాడుకొమ్మని ఇస్తి గాని పాడుచెయ్యమని ఇస్తినా? బంగారం అసొంటి చెంబు!"

మాసా ఉలి ఆపాడు. వాడికి నిజంగా అర్థం కాలేదు. "మేమెట్ల వాడుతం వదినె? అన్నది గదా."

"అందుకే గదా ఇచ్చింది!"

"అందుకే గదా ఈడికి తెచ్చింది," అన్నాడు మాసా. "మనిషి పోతే మనిషి సామాను మనిషికి పంపాలె. ఏడాది కావస్తున్నది. నువ్వు ఇంట్లనే పెట్టుకున్నవ్. ఇయ్యాల ఇస్తదా, రేపు ఇస్తదా అని చూసినం. మీ పద్ధతి వేరేమోనని అడగలే. అన్నను గిట్ల ఉత్త చేతుల్తోని ఇడిచిపెట్టి మేం ఎట్ల పోతం? ఇది అయినంకనే పోదామని ఆగినం."

ఇర్మె చెప్పిన చిన్న పని ఇదేనన్నమాట. వాన తరుముకొస్తున్నా వాళ్ళు ఆగింది నా మూల ఖాళీ కావడం కోసం.

"మరి చిల్లి ఎందుకు?" అన్నాను. గొంతు తగ్గింది.

"మనకు పనికొచ్చేది ఆయనకు పనికిరాదు వదినె," అని మాసా ఇంకో దెబ్బ వేశాడు. చెంబు అడుగు తెగింది. వాడు దాన్ని గెడ పక్కన పెట్టాడు.

సుక్కి పిల్లల్లోంచి లేచి వచ్చింది. నా దగ్గరికి కాదు, గెడ దగ్గరికి. చెంబును చూసింది, గొడ్డలిని చూసింది. అన్నీ వచ్చాయా అని చూసుకుంటున్నట్టు ఉంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇంక నాయిన మనింటికి రాడా?"

"ఎందుకొస్తడే?" అన్నాను.

"సామాను కోసం. సామాను ఇంట్ల ఉంటె తీస్కపోను వస్తరంట. రాత్రి పూట వస్తరంట. ఇర్మె అవ్వ పిల్లలు చెప్పిండ్రు."

"నువ్వు అందుకనా ఆడ పండుకునేది?"

తల ఊపింది. "నువ్వు గొడ్డలికి నూనె పెడుతుంటివి గదా. నాయిన వస్తడనే గదా నువ్వు పెట్టేది. నాకు భయమాయె. నీకు భయం కాదా?"

గంగాళం, గేదెలు, పీటలు, పొగాకు మడి, ఉప్పలమ్మ ఆశపడ్డ పళ్ళెం అన్నీ ఊరి మీద పంచిపెట్టాను ఈ పిల్ల కోసం. దానికి ఇత్తడితో పేచీ లేదు. నా ఒడిలో చేట ఉందా లేదా అని అది చూడనే లేదు. అది మూల చూసింది. ఐదేళ్ళ పిల్లకు కనబడింది నాకు కనబడలేదు. నేను ఎదురుచూస్తున్నాను. సంతనాడు సంతనాడు గొడ్డలికి నూనె పట్టించి, కంబళి దులిపి, తెప్ప దిగి వచ్చే మనిషికి అన్నీ సిద్ధంగా ఉంచుతున్నాను.

తిరిగొచ్చాక మాసా ఇక ఆగలేదు. కావడి పైనుంచి సుక్కి బుట్ట తీసి కింద పెట్టి, చంటిదాన్ని కూర్చోబెట్టి, బద్ద భుజానికెత్తుకున్నాడు. ఇర్మె నెత్తిన ఒక కుండ, చేతిలో ఒక పిల్ల. వాళ్ళ ఇంటి గుమ్మంలో ఏమీ మిగల్లేదు, పొయ్యి రాళ్ళు తప్ప. సుక్కి తన బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని రెండిళ్ళకూ మధ్య, దడి సందులో నిలబడింది.

"సుక్కీ, నడుస్తవా?" అంది ఇర్మె. నావైపు చూస్తూ అడిగింది. నేను ఇంకా చెప్పవలసింది చెప్పలేదు గదా.

"ఉండవే సుక్కీ," అన్నాను. ఆ పేరుతో నేను దాన్ని పిలవడం అదే మొదలు.

అది ఆలోచించింది. "ఇంట్ల నాయినయి ఏం లేవా?"

"లేవు."

"మూలన?"

"పోయి చూస్కో."

లోపలికి పోయింది. కావడి భుజాన పెట్టుకుని మాసా, కుండ నెత్తిన పెట్టుకుని ఇర్మె, ఎండలో నిలబడి ఎదురుచూశారు. ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. అది మూల చూసింది, చూరు కింద చూసింది, నేను కట్టించుకున్న కావడి బుట్టలు రెండూ ఎత్తి చూసింది. బయటికొచ్చి ఇర్మె కాళ్ళు ఒకసారి వాటేసుకుంది. తర్వాత వచ్చి మా గుమ్మంలో తన బుట్ట పెట్టింది. ఇర్మె కొంగు చివర కట్టి ఉన్న చెక్కదువ్వెన విప్పి నా చేతిలో పెట్టి నడిచింది. కావడి ఊగుతూ ఊగుతూ చెట్ల వెనక్కి పోయింది.

ఆ రోజు సంత. ఉప్పలమ్మ పోయి ఉప్పు తెచ్చింది. వండాను, తిన్నారు. పొద్దు వాలింది. నా చేయి అలవాటుగా చూరులోని నూనె బుర్ర అందుకుంది. అరచేతిలో నూనె వంచుకుని మూలకు తిరిగాను. మూలలో ఏమీ లేదు. అలికిన నేల మీద గెడ ఆనిన చోట చిన్న గుంట, గోడ మీద గొడ్డలి తగిలిన మరక. అరచేతిలో నూనె వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. దాన్ని ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాను.

సుక్కి గుమ్మంలో కూర్చుని ఉంది. రోజూ ఈ వేళకు తల అప్పగించే అలవాటు దానిది. నేను వెళ్ళి దాని వెనక కూర్చున్నాను. ఆ నూనె దాని నడినెత్తిన వేశాను.

"ఇర్మె అవ్వ గట్టిగ రుద్దేది," అంది.

గట్టిగా రుద్దాను. చిక్కు తీశాను. నా చేతికి దాని తల ఇంత చిన్నదని గుర్తులేదు. వెచ్చగా ఉంది. ఏడాదిగా నా చేయి ఇనుము మీదే తిరిగింది. అక్కడ, గుమ్మంలో, ఇద్దరు పిల్లలు వాకిట్లో కొట్టుకుంటుండగా, నా మొగుడు చచ్చిపోయాడు. మళ్ళీ రాడు. రాడని తెలిసింది. కాలు తిమ్మిరి వదిలేటప్పుడు ఎలా పొడుస్తుందో అలా పొడిచింది ఒళ్ళంతా. శబ్దం రాలేదు. చేతులు ఆపలేదు.

"అమ్మా, చాలు," అంది సుక్కి, నెత్తి తడుముకుని. "నూనె కారుతున్నది."

నూనె కాదని చెప్పలేదు. ఇంకొంచెం రుద్దాను.